పక్క సీట్లో నాన్న

క్యారవాన్ అంటే మనకు గుర్తొచ్చేది ఒకటే. షూటింగ్ స్పాట్ పక్కన ఏసీ వేసుకుని నిలబడి ఉండే హీరోగారి బండి. అమెరికాలో దాన్నే ఆర్‌వీ అంటారు, మోటార్‌హోమ్ అంటారు. అక్కడ హీరో కానక్కర్లేదు. రిటైరైన వాళ్ళు, పిల్లలున్న వాళ్ళు, ఎవరైనా అద్దెకు తీసుకుని తిరగొచ్చు. మంచాలు, గ్యాస్ పొయ్యి, ఫ్రిజ్, బాత్రూమ్ అన్నీ లోపలే ఉంటాయి. గత జూన్‌లో అలాంటి బండిలో ఆరు రోజులు అలాస్కాలో తిరిగాం. మేమంటే అమ్మ, నాన్న, నేను.

మాది నందిగామ దగ్గర పల్లెటూరు. నాన్న ముప్పై ఏళ్ళు లారీ నడిపాడు. జగ్గయ్యపేట వైపు ఫ్యాక్టరీల నుంచి సిమెంటు, సీజన్లో మిర్చి, పత్తి. మన హైదరాబాద్–విజయవాడ రోడ్డు నంబరు 65 అయి చాలా ఏళ్ళయింది. నాన్నకి మాత్రం అది ఇప్పటికీ ‘నైన్ హైవే’నే. నాలుగేళ్ళ క్రితం షుగర్ వల్ల ఆయన ఎడమ కంటి చూపు బాగా దెబ్బతింది. పెద్ద బండి నడపొద్దన్నారు డాక్టర్లు. కుడి కన్నుని కూడా జాగ్రత్తగా చూసుకోవాలని, ఆర్నెల్లకోసారి చెకప్‌కి రావాలని చెప్పారు. లారీ అమ్మేశాడు. అప్పట్నుంచి అరుగు మీద కూర్చోవడం, టీవీ, మళ్ళీ అరుగు.

ఎక్కడికైనా తీసుకెళ్తానంటే ఆయన దగ్గర ఒకటే మాట. “నేను చూడని ఊరేముందిరా?”

నిజమే. నాగపూర్, జబల్‌పూర్, ఢిల్లీ, చెన్నై అన్నీ తిరిగాడు. కానీ ఏం చూశావని అడిగితే మాత్రం వేరే రకం జవాబులొస్తాయి. ఏ ధాబాలో పప్పు బాగుంటుంది, ఏ ఘాట్‌లో బ్రేకులు వేడెక్కుతాయి, ఏ చెక్‌పోస్టులో ఎంతసేపు నిలబెడతారు. నాగపూర్ దాటి సివనీ వైపు పోయే హైవే పెంచ్ పులుల అడవి గుండా వెళ్తుంది. కిప్లింగ్ ‘జంగిల్ బుక్’లో మౌగ్లీ తిరిగింది ఆ సివనీ అడవుల్లోనే. ఇప్పుడక్కడ జంతువులు కింది నుంచి దాటిపోవడానికి రోడ్డునే ఎత్తుగా కట్టారు. నాన్న ఆ దారిలో ఎన్నిసార్లు వెళ్ళాడో ఆయనకే లెక్క తెలీదు.

“పులిని చూశావా ఎప్పుడైనా?”

“రాత్రిపూట పోయేవాళ్ళం. హెడ్‌లైటు ఎంత దూరం పడితే అంతే కనపడేది. ఆగితే లోడు లేటు.”

అమ్మానాన్న సియాటెల్‌లో నా దగ్గరికి వచ్చినప్పుడు అలాస్కా టికెట్లు తీసింది ఈ మాట గుర్తుండే. సియాటెల్ నుంచి యాంకరేజ్‌కి విమానంలో మూడున్నర గంటలు. అక్కడ బండి అద్దెకు తీసుకున్నాం. మామూలు కారు లైసెన్స్ చాలు.

బండి చూడగానే నాన్న మొహం మారింది. చుట్టూ ఒక రౌండ్ తిరిగాడు. వంగి టైర్లు నొక్కి చూశాడు. వెనక జోడు చక్రాల మధ్య రాయేమైనా ఇరుక్కుందా అని చెయ్యి పెట్టి చూశాడు. “మైలేజీ ఎంత?” అన్నాడు. లెక్కేస్తే లీటరుకి నాలుగు కిలోమీటర్ల లోపే. “లోడు మీద మన లారీ కూడా అంతే ఇచ్చేది” అన్నాడు, పాత చుట్టం కలిసినట్టు. ఈలోగా అమ్మ సంచిలోంచి నిమ్మకాయలు తీసి టైర్ల కింద పెట్టేసింది. తాళాలు ఇస్తున్న అమ్మాయి ఎందుకని అడిగింది. “సేఫ్టీ చెక్” అన్నాను. తలూపింది.

అమెరికాలో డ్రైవర్ సీటు ఎడమ వైపు. అంటే నాన్న కూర్చుంది కుడి వైపు, ముప్పై ఏళ్ళు ఆయన కూర్చున్న వైపే. తేడా ఒక్కటే, ముందు స్టీరింగ్ లేదు. మొదటి గంట ఆయన కుడికాలు లేని బ్రేకుని తొక్కుతూనే ఉంది. నేను ఓవర్‌టేక్ చేసినప్పుడల్లా అద్దంలో చూసి “రా రా రా” అంటూనే ఉన్నాడు, క్లీనర్ లాగా.

యాంకరేజ్ నుంచి డెనాలి నేషనల్ పార్కుకి జార్జ్ పార్క్స్ హైవే మీద 380 కిలోమీటర్ల పైచిలుకు. మనకి హైదరాబాద్ నుంచి విజయవాడ వచ్చి మళ్ళీ నందిగామ, జగ్గయ్యపేట దాటి వెనక్కి పోయినంత. కానీ ఆ దారిలో ఊళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టొచ్చు. రెండు పక్కలా సన్నగా, నల్లగా స్ప్రూస్ చెట్లు. మధ్యలో బూడిద రంగు నదులు. హిమానీనదాలు కొండరాళ్ళని పిండిలా రుద్దేస్తాయి కాబట్టి నీళ్ళకి ఆ రంగు. అమ్మ మాత్రం “సిమెంటు కలిపినట్టుందే” అంది.

సాయంత్రం ఎనిమిదైనా ఎండ అలాగే ఉంది. నాన్న ఉన్నట్టుండి చెయ్యి ఎత్తాడు.

“స్లో చెయ్. గేదె.”

నాకేం కనపడలేదు. బ్రేక్ వేశాక చూస్తే కుడి పక్క పొదల్లోంచి మూస్ ఒకటి రోడ్డెక్కింది. దుప్పి జాతిలో అన్నిటికంటే పెద్దది. పొడుగు కాళ్ళు, మూపురం ఎత్తు మనిషి కంటే ఎక్కువ. నింపాదిగా దాటిపోయింది. నేను కాలు యాక్సిలరేటర్ మీదికి తీసుకెళ్తుంటే, “ఆగు. ఒకటి దాటిందంటే వెనకాల ఇంకోటి ఉంటది” అన్నాడు. అన్నట్టే ఎర్రటి పిల్ల ఒకటి తడబడుతూ వచ్చింది. అలాస్కాలో మూస్‌ని గుద్దడం పెద్ద సమస్య. రోడ్డు పక్కన హెచ్చరిక బోర్డులు కూడా ఉంటాయి. ఒక కన్ను సరిగా లేని మనిషి రెండు కళ్ళూ బాగున్న నాకంటే ముందు చూశాడు. కంచికచర్ల నుంచి కోదాడ దాకా గేదెల కోసం పొదలు చూసిన అలవాటు అది.

డెనాలి పార్కు ఎంత పెద్దదంటే, పాత కృష్ణా జిల్లా మొత్తం 8,727 చదరపు కిలోమీటర్లు. అలాంటివి రెండు పెట్టినా ఇంకా చోటు మిగులుతుంది. పార్కు, దాని పక్క రక్షిత ప్రాంతం కలిపి 24 వేల చదరపు కిలోమీటర్ల పైన. అంత అడవికి రోడ్డు ఒక్కటే, 92 మైళ్ళు. మన బండిలో 15వ మైలు దాకానే వెళ్ళనిస్తారు. ఆ తర్వాత పార్కు బస్సులే. కొండచరియ జారడం వల్ల 2021 ఆగస్టు నుంచి 43వ మైలు దగ్గర ఆ రోడ్డు మూసి ఉంది. నేల లోపల ఎప్పుడూ గడ్డకట్టి ఉండే మంచు కరుగుతోంది. దాంతో అక్కడి నేల రోడ్డుతో సహా కిందికి జారుతోంది. అందుకని వంతెన కడుతున్నారు. నాన్న ఆ బోర్డు ముందు చాలాసేపు నిలబడి బొమ్మలన్నీ చూశాడు.

బస్సులో నాకు బాగా నచ్చిన రూల్ ఒకటుంది. ఏదైనా జంతువు కనపడితే ఎవరైనా సరే గట్టిగా “స్టాప్” అనాలి. డ్రైవర్ ఆపేస్తాడు. ఇంజిన్ కూడా ఆపేస్తాడు. తర్వాత ఎవరూ గట్టిగా మాట్లాడకూడదు, కిటికీలోంచి చెయ్యి బయట పెట్టకూడదు. ఎంతసేపు ఆగాలో గడియారం చెప్పదు.

మొదట ఎవరో కొండ మీద తెల్లటి చుక్కలు చూపించారు. డాల్ గొర్రెలు. నిజానికి ఈ పార్కు పుట్టిందే వీటి వల్ల. మాంసం వ్యాపారం కోసం వేటగాళ్ళు వీటిని చంపేస్తుంటే, చార్లెస్ షెల్డన్ అనే ప్రకృతి శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పోరాడి 1917లో పార్కు వచ్చేలా చేశాడు. తర్వాత కారిబూలు కనిపించాయి. జింక జాతిలో ఆడవాటికీ కొమ్ములుండేది వీటికే. రెండు మూడు మలుపుల తర్వాత, వాగు అవతల మట్టి రంగులో ఏదో కదిలింది. ఈసారి స్టాప్ అన్నది మా నాన్న. కాకపోతే “ఆపు ఆపు ఆపు!” అన్నాడు. డ్రైవర్‌కి తెలుగు అక్కర్లేకపోయింది.

గ్రిజ్లీ ఎలుగుబంటి. దానితో రెండు పిల్లలు. తల్లి గోళ్ళతో నేల తవ్వుతూ వేర్లు తింటోంది. పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి దొర్లుతున్నాయి. ఒక పిల్ల తల్లి తవ్విన గుంటలో తలపెట్టి తుమ్మింది. బస్సంతా నోరు మూసుకుని నవ్వింది. ఇరవై నిమిషాల పైనే ఆగాం. అంతసేపూ నాన్న ఫోన్ తియ్యలేదు. నుదురు కిటికీ అద్దానికి ఆనించి, మంచి కన్ను అటువైపు పెట్టుకుని చూస్తున్నాడు. బస్సు మళ్ళీ కదిలాక మెల్లగా అన్నాడు. “పాసింజర్ ఆపమంటే ఆపుతున్నాడు చూడు. ఏం ఉద్యోగంరా!”

నాకు కొంచెం గొంతు పట్టేసింది. ఆయన ముప్పై ఏళ్ళలో బండి ఆపింది పంక్చర్‌కి, పోలీసుకి, నిద్రకి. చూడ్డానికి ఒక్కసారి కూడా ఆపలేదు. ఆపే వీలు ఎవరూ ఇవ్వలేదు.

ఇక అసలు శిఖరం సంగతి. డెనాలి ఉత్తర అమెరికాలోనే ఎత్తైన పర్వతం, 20,310 అడుగులు. పేరుకి అక్కడి ఆదివాసుల భాషలో ‘ఎత్తైనది’ అని అర్థం. అమెరికా ప్రభుత్వం 2015లో ఆ పేరునే ఖాయం చేసి, 2025లో మళ్ళీ మౌంట్ మెకిన్లీ అని మార్చింది. పార్కు పేరు మాత్రం డెనాలినే. అంత ఎత్తున మేఘాలు పట్టేస్తుంటాయి కాబట్టి, వచ్చిన ముగ్గురిలో సుమారు ఒక్కరికే కొండ కనపడుతుందంటారు. మేం మిగతా ఇద్దరి లెక్కలోకి వచ్చాం. మూడు రోజులూ మబ్బే. ఇంత దూరం వచ్చి కొండ చూడలేదని నాకు ఉసూరుమనిపించింది. నాన్న మాత్రం కుర్చీలో వెనక్కి వాలి, “ఉంది కదా అక్కడే. మబ్బు వెనకాల నుంచి ఎక్కడికి పోతది?” అన్నాడు.

రాత్రుళ్ళు పార్కు ముఖద్వారం దగ్గర రైలీ క్రీక్ క్యాంప్‌గ్రౌండ్‌లో ఉన్నాం. రాత్రుళ్ళు అనడమే గానీ చీకటి పడదు. సూర్యుడు అస్తమించేది పన్నెండు దాటాకే. “మరి దీపం ఎప్పుడు పెట్టాల్రా?” అని అమ్మ డౌటు. గడియారం చూసి ఆరున్నరకి పెట్టేసింది, ఎండలోనే. దోమల సంగతి చెప్పక్కర్లేదు, మా మునేరు దోమలు నయం. ఎలుగుబంట్లు వాసన పట్టి వస్తాయి కాబట్టి తిండి ఏదీ బయట వదలకూడదు. ఆవకాయ సీసా కూడా తిన్న వెంటనే బండి లోపలికి పోవాల్సిందే. జనరేటర్ రోజుకి కొన్ని గంటలే వెయ్యనిస్తారు. వాడిన నీళ్ళు, బాత్రూమ్ నీళ్ళు వేరే ట్యాంకుల్లో చేరతాయి. వాటిని డంప్ స్టేషన్‌లో మనమే పైపు పెట్టి ఖాళీ చెయ్యాలి. ఆ పని నాన్న నన్ను చెయ్యనివ్వలేదు. “బండి పని నాది” అన్నాడు.

అక్కడే ఒక సాయంత్రం కబుర్లు మొదలయ్యాయి. లారీ క్యాబిన్‌లో సీటు వెనక పలక మీద ఎలా పడుకునేవాడో, వర్షమొస్తే బండి కింద కిరసనాయిల్ స్టవ్ పెట్టి అన్నం ఎలా వండుకునేవారో చెప్పాడు. నాకు ఊహ తెలిసినప్పట్నుంచి ఆయన ఇంట్లో ఇంతసేపు మాట్లాడగా నేను వినలేదు. అమ్మ ఊరుకుంటుందా! చిన్నప్పుడు పెనుగంచిప్రోలు తిరుపతమ్మ తిరునాళ్ళకి గూడు బండి కట్టుకుని పోయిన సంగతి ఎత్తుకుంది. మునేరు ఇసుకలోనే పొయ్యి, బండి కిందే పడక, ఎద్దులు పక్కనే. “అదీ ఇట్టాంటిదే కదా” అంది, బండి మెట్టు మీద కూర్చుని. కాదనడానికి నా దగ్గర ఏమీ లేదు.

మీలో ఎవరైనా అమ్మానాన్నల్ని ఇలా తీసుకెళ్ళాలనుకుంటే రెండు మాటలు. జూన్, జులైలో అద్దెలు బాగా ఎక్కువ, ముందే బుక్ చెయ్యాలి. మే చివర్లో, సెప్టెంబర్ మొదట్లో కొంచెం తక్కువ. ఆర్‌వీ మంచం ఎక్కడానికి మోకాళ్ళ నొప్పులుంటే కష్టం, కాబట్టి వెనక వైపు కింద మంచం ఉన్న బండే అడగండి. రోజుకి 250 కిలోమీటర్లకి మించి పెట్టుకోవద్దు. అమెరికా దాకా పోనక్కర్లేదు కూడా. కేరళ ప్రభుత్వం 2021లోనే క్యారవాన్ టూరిజం మొదలుపెట్టింది. బండి ఏదైనా ఫర్వాలేదు, ఆగడానికి టైం ఉంచుకుంటే చాలు.

నాన్న ఊరికి తిరిగొచ్చాక పొద్దున్నే మునేరు ఒడ్డుకి నడిచి వెళ్తున్నాడట. అమ్మ ఫోన్‌లో చెప్పింది. మడుగుల దగ్గర కూర్చుంటాడు. కొంగలు, నీటికాకులు, నీళ్ళలోకి నిలువుగా దూకే లకుముకి పిట్ట. ఫొటోలు పంపిస్తాడు గానీ వాటిలో పిట్ట ఎక్కడుందో వెతుక్కోవాలి. మొన్నటి చెకప్‌లో కుడి కన్ను అలాగే ఉందన్నారు. తగ్గలేదు, అదే మాకు పెద్ద వార్త.

పోయిన ఆదివారం తనే ఫోన్ చేశాడు. సాధారణంగా చెయ్యడు.

“చలికాలం వస్తావుగా. పెంచ్ పోదాం. పగలే పోదాం ఈసారి. లోడేం లేదుగా, ఎంతసేపైనా ఆగొచ్చు.”

డిసెంబర్‌కి సెలవు పెట్టాను.