రెండవ ముద్ర

2018వ సంవత్సరమున మేమిద్దరు మిత్రులము మోటారుసైకిలుపై దేశాటనము చేయ సంకల్పించితిమి. ముంబయి రేవులో బండి పెట్రోలు తోడివేయించి, బ్యాటరీ తీగలు విప్పించి, కొయ్యపెట్టెలో నమర్చి, ఓడపై ఇరాను దేశపు బందర్ అబ్బాసు రేవునకు పంపితిమి.

మనుష్యునకు పాసుపోర్టు ఎట్లో వాహనమునకు కార్నె యను పుస్తకము అట్లు. అందు ప్రతిపుటయు మూడు భాగములు. దేశము ప్రవేశించునపుడొకటి, విడుచునపుడొకటి సుంకపు అధికారులు చించుకొందురు. మూడవది రెండు ముద్రలతో మనయొద్ద నిలుచును. రెండవ ముద్ర లేనిచో బండి ఆ దేశముననే నిలిచిపోయినదని యెంచి, సుంకమును మన ధరావతునుండి రాబట్టవచ్చును. ఆ ధరావతుకై మాలో నొకని తండ్రిగారు రెండెకరముల మాగాణి తాకట్టు పెట్టియుండిరి.

తబ్రీజు దాటి బజర్గాను సరిహద్దు చేరునప్పటికి సాయంకాలమయ్యెను. ఎదుట టర్కీ దేశమున అరారాత్ పర్వతము మంచుతో మెరయుచుండెను. ఆ తొందరలో పాసుపోర్టులపై మాత్రము ముద్రలు వేయించుకొని ద్వారముకడకు పోతిమి. అచ్చటి వృద్ధుడగు కావలివానికి మా భాష తెలియదు. అయినను చేయి యడ్డుపెట్టి, బండిని చూపి, అరచేతిపై పిడికిలితో ముద్రవేసినట్లు అభినయించెను. మా గుండెలు ఝల్లుమనెను. వెనుకకు మరలి, చాసిస్ సంఖ్య చూపి, రెండవ ముద్ర వేయించుకొంటిమి.

స్వదేశము చేరిన పిమ్మట ధరావతు తిరిగివచ్చెను, పొలము విడుదలయ్యెను. విద్యార్థి సోదరులారా! ముందున్న కొండను చూచు వేళ, విడుచుచున్న గడపకడ చెల్లింపవలసినది మరువకుడు. ఆ వృద్ధుని పేరైనను అడుగక వచ్చితిమి. ఆ ఋణము మాత్రము తీరలేదు.