వైశ్వానరునికి ఆహుతి: జఠరాగ్ని, ఖనిజ ధాతువులు, సాధకుని దేహం

శ్రీమద్భగవద్గీత పదునైదవ అధ్యాయంలో శ్రీకృష్ణ పరమాత్మ తానే వైశ్వానరాగ్ని రూపంతో ప్రాణుల దేహాలను ఆశ్రయించి, ప్రాణాపానములతో కూడి, చతుర్విధమైన అన్నాన్ని పచనం చేస్తున్నానని సెలవిచ్చాడు. నమిలి తినే భక్ష్యం, మెత్తగా మింగే భోజ్యం, నాకి ఆస్వాదించే లేహ్యం, చప్పరించే చోష్యం – ఈ నాలుగింటికీ పాకకర్త ఆయనే. కనుకనే మన పెద్దలు విస్తరి ముందు కూర్చున్నప్పుడు పరిషేచనం చేసి, ఆపోశనం పట్టి, పంచ ప్రాణాలకు ఐదు ఆహుతులు సమర్పించిన పిమ్మటనే భోజనం ఆరంభించారు. ఈ దృష్టితో చూస్తే భోజనం ఒక హోమం, జఠరం హోమకుండం.

హోమకుండంలో అగ్ని మందగిస్తే ఋత్విజుడు పొగను చూసి కలత చెందుతూ కూర్చోడు. సమిధలు తడిసినవా, గాలి ఆడుతున్నదా, ఆజ్యం అధికమైనదా అని పరిశీలిస్తాడు. ఉదరంలోని అగ్ని విషయంలోనూ సాధకునికి ఈ పరిశీలన అవసరమని నా అనుభవం. దేహం మిథ్య అని వేదాంతం బోధించినా, ఆ బోధను శ్రవణం చేయడానికి కూర్చోవలసింది ఈ దేహంతోనే కదా!

అరువది సంవత్సరాలు దాటిన నాకు చాలాకాలంగా ఉరోదాహం, పుల్లని త్రేనుపులు ఉండేవి. వైద్యుల సలహా మేరకు ఆమ్లాన్ని తగ్గించే మాత్రలు కొన్ని సంవత్సరాలు సేవించాను. మంట శమించింది. అయితే క్రమంగా రాత్రివేళ పిక్కలు కొంకర్లు పోవడం, కనురెప్పలు అదరడం, అకారణమైన నిస్సత్తువ మొదలయ్యాయి. ప్రాతఃకాలంలో ఆసనం మీద కూర్చుంటే పావుగంట గడవకముందే కాళ్ళ కండరాలు బిగిసిపోయేవి. జపమాల చేతిలోనే ఉండేది, మనస్సు మాత్రం పిక్క నొప్పి వద్దకు చేరేది. రక్తపరీక్షలో మెగ్నీషియం ఉండవలసిన దానికంటె తక్కువగానూ, కాల్షియం కనిష్ఠ పరిమితి వద్దనూ ఉన్నట్లు తేలింది.

దీనికి కారణాన్ని వైద్యులే వివరించారు. జఠరంలోని ఆమ్లం కేవలం బాధాకారకం కాదు. ఆహారంలోని ఇనుమును గ్రహణయోగ్యంగా చేయడానికీ, బి12 విటమినును మాంసకృత్తుల బంధం నుండి విడిపించడానికీ అది ఆవశ్యకం. ప్రోటాన్ పంప్ నిరోధకాలు అనబడే మాత్రలను దీర్ఘకాలం, ముఖ్యంగా సంవత్సరానికి మించి వాడినవారిలో కొందరికి రక్తంలో మెగ్నీషియం క్షీణించవచ్చునని అమెరికా ఆహార ఔషధ పరిపాలనా సంస్థ 2011లోనే హెచ్చరిక జారీ చేసింది. మెగ్నీషియం బాగా తగ్గినప్పుడు కాల్షియాన్ని నియంత్రించే పారాథైరాయిడ్ గ్రంథి మందగిస్తుంది. మూత్రపిండాలు పొటాషియాన్ని నిలుపుకోలేవు. ఒక ధాతువు తొలగితే మరి రెండు ధాతువులు దాని వెంట నడుస్తాయి.

ఈ వివరణ వింటున్నప్పుడు నాకు చరక సంహిత స్ఫురించింది. అందులోని చికిత్సా స్థానం పదునైదవ అధ్యాయం గ్రహణీ రోగానికి సంబంధించినది. జఠరాగ్ని ఒకటి, భూతాగ్నులు ఐదు, ధాత్వగ్నులు ఏడు – మొత్తం పదమూడు అగ్నులను ఆయుర్వేదం పరిగణించింది. వీటిలో జఠరాగ్నియే ప్రధానమనీ, తక్కినవాటి వృద్ధిక్షయాలు దాని మీదనే ఆధారపడి ఉంటాయనీ ఆ శాస్త్రం చెబుతుంది. అగ్ని స్థితులు నాలుగు: సమం, విషమం, తీక్ష్ణం, మందం. తీక్ష్ణమైతే దాహం, మందమైతే ఆమం. మంటను ఆర్పడం ఒకటి, అగ్నిని సమస్థితికి తేవడం మరొకటి. మొదటిది ఉపశమనం, రెండవది చికిత్స. ప్రాచీనులు చెప్పిన ధాత్వగ్నీ, నేటి రసాయనశాస్త్రం చెప్పే ఖనిజ సమతౌల్యమూ ఒకటేనని నేను అనడం లేదు. భాషలు వేరు, ప్రమాణాలు వేరు. అయినప్పటికీ రెండూ సాధకుని ఒకే ప్రశ్న వద్ద నిలబెడతాయి: తిన్నది ఒంటికి పట్టిందా?

ఈ ప్రశ్నకు జీవితాన్నే సమాధానంగా ఇచ్చిన మహనీయుడు మన తెలుగునేల మీదనే పుట్టాడు. ఆయన 1895లో భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారు. యౌవనంలో రామకృష్ణ మఠంలో చేరి సన్న్యసించాలని తలచినవారు. ఆయన సోదరులు ఇద్దరు స్ప్రూ అనే గ్రహణీ సదృశమైన వ్యాధితో స్వల్ప వ్యవధిలో గతించారు. ఆ వ్యాధిలో ఆహారం కడుపులోకి వెళుతుంది గాని ప్రేగులు దానిని స్వీకరించలేవు. రోగి తింటూనే శుష్కిస్తాడు. సుబ్బారావుగారికీ ఆ వ్యాధి సంక్రమించగా, ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సతో కోలుకున్నారని ఆయన జీవితచరిత్ర తెలుపుతున్నది. తరువాత మద్రాసులోని ఆయుర్వేద కళాశాలలో బోధించి, అమెరికా చేరి, 1925లో సైరస్ ఫిస్క్‌తో కలిసి దేహద్రవాలలోని భాస్వరాన్ని కొలిచే పద్ధతిని ప్రకటించారు. ఆ మార్గంలోనే జీవకణాలకు శక్తినిచ్చే ఎ.టి.పి. అణువు పరిశోధనకూ చేరుకున్నారు. 1940వ దశకంలో ఆయన నేతృత్వంలోని బృందం ఫోలిక్ ఆమ్లాన్ని సంశ్లేషించింది. సోదరులను హరించిన ఆ వ్యాధికి చికిత్సలో అదే ఔషధంగా నిలిచింది.

ఎ.టి.పి.లో భాస్వరం ఉంటుంది. జీవకణాలలో ఆ అణువు ప్రధానంగా మెగ్నీషియంతో జతకూడి పనిచేస్తుంది. అంటే కణకణంలో వెలిగే శక్తికి ఖనిజాలే ఆలంబనం. పంచభూతాలలో పృథివికి అగ్నితో ఇంతటి సాంగత్యం ఉన్నదని తెలిసినప్పుడు, సన్న్యాసం స్వీకరించకపోయినా సుబ్బారావుగారు వైశ్వానరోపాసనలోనే జీవించారని నాకు అనిపిస్తుంది.

ఇక నా ఎదుట నిలిచిన అసలు సంకటం వేరు. ముప్ఫది సంవత్సరాలుగా నేను ఏకాదశినాడు నిర్జలోపవాసం పాటిస్తున్నాను. మెగ్నీషియం, కాల్షియం ఇలా ఉన్న స్థితిలో నీరు సైతం లేని ఉపవాసం తగదని వైద్యులు స్పష్టంగా చెప్పారు. వ్రతం విడిస్తే ప్రత్యవాయమేమోనని బెంగ, విడవకపోతే దేహం ఏమవుతుందోనని మరొక బెంగ. ఈ సందేహంతో మా ఊరి వృద్ధ వేదపండితులొకరిని ఆశ్రయించాను. ఆయన నా మాట పూర్తిగా విని, "నాయనా, శ్వేతకేతువు కథ చదివావు కదా! పదిహేను రోజులు అన్నం మానేసి తండ్రి ఎదుట నిలబడినవాడికి వేదం జ్ఞప్తికి వచ్చిందా?" అని అడిగారు. "రాలేదండీ, భోజనం చేసిన తరువాతనే వచ్చింది" అన్నాను. "ఆ పదిహేను రోజులూ తండ్రి నీళ్ళు తాగమన్నాడా, వద్దన్నాడా?" అన్నారు. నేను మౌనం వహించాను. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు అన్నం మానమన్నాడే గాని, నీరు యథేచ్ఛగా తాగమనే చెప్పాడు. ప్రాణం జలమయం కనుక నీరు తాగేవానికి ప్రాణం విచ్ఛిన్నం కాదన్నాడు.

ఆయన మరొక విషయం కూడా గుర్తుచేశారు. వ్రతభంగం కలిగించనివి ఎనిమిది ఉన్నాయని ధర్మశాస్త్ర సంప్రదాయం చెబుతుంది: జలం, కందమూలాలు, ఫలాలు, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువాక్యం, ఔషధం. "ఎనిమిదిలో నీకు కావలసినవి ఐదు ఉన్నాయి. నా మాటతో కలిపి ఆరు" అని నవ్వారు. నాటి నుండి నా ఏకాదశి నీటితో, అరటిపండుతో, పాలతో, ఔషధంతో సాగుతున్నది. మొదటి రెండు పక్షాలు మనస్సు గింజుకున్నది. నిర్జలంగా ఉండగలననే భావనలో ఎంత అభిమానం దాగి ఉన్నదో అప్పుడు కనిపించింది. నీటిగ్లాసు నోటికి ఎత్తడమే ఆ రోజు నాకు తపస్సయింది. అతిగా తినేవానికీ, బొత్తిగా తిననివానికీ యోగం సిద్ధించదని గీతాచార్యుడు ఆరవ అధ్యాయంలో హెచ్చరించినది ఇందుకే కాబోలు.

వైద్యులు ఆమ్లనిరోధక మాత్రను ఒక్కసారిగా కాక క్రమంగా తగ్గించారు. హఠాత్తుగా మానితే ఆమ్లం మునుపటికంటె ఉద్ధృతంగా ఊరే అవకాశం ఉన్నదట. కొన్ని వారాలు మెగ్నీషియం ఇచ్చారు. వీటికి తోడు ఇంట్లో పాటించిన ప్రకృతి నియమాలు ఇవి.

మొదటిది కాలం, పరిమాణం. రాత్రి భోజనం నిద్రకు మూడు గంటల ముందే ముగించడం, మంచం తలవైపు కొంత ఎత్తు చేయడం, ఎడమ ప్రక్కకు తిరిగి శయనించడం వల్ల ఆమ్లం పైకి ఎగదన్నడం తగ్గింది. ఉదరంలో సగభాగం ఘనాహారానికి, పాతిక భాగం ద్రవానికి కేటాయించి, మిగిలిన పాతికను వాయువు సంచరించడానికి వదలాలని ఆయుర్వేదం చెప్పిన కొలత నేటికీ శిరోధార్యం.

రెండవది పాక సంస్కారం. ధాన్యాలలో, పప్పులలో ఫైటిక్ ఆమ్లం అనే పదార్థం ఉంటుంది. అది ఇనుము, జింకు, కాల్షియం వంటి ఖనిజాలను బంధించి ప్రేగులకు అందకుండా చేస్తుంది. నానబెట్టడం, మొలకెత్తించడం, పులియబెట్టడం వల్ల ఆ బంధం సడలుతుంది. మన అమ్మమ్మలు మినపప్పు నానబోసి, రుబ్బి, రాత్రంతా పిండి పులియనిచ్చినది రుచికోసమే కావచ్చు; ఫలితం మాత్రం ధాతుపుష్టి. నూరు గ్రాముల రాగులలో కాల్షియం సుమారు మూడువందల ఏబది మిల్లీగ్రాములు ఉండగా, పాలిష్ బియ్యంలో పది మిల్లీగ్రాములకు అటూ ఇటూగా మాత్రమే ఉంటుంది. రాగులను మొలకెత్తించి, ఎండబెట్టి, విసిరి జావ కాస్తే జీర్ణానికీ సులభం. పెసలు, నువ్వులు, గుమ్మడి గింజలు, ఆకుకూరలు మెగ్నీషియానికి మంచి ఆధారాలు.

మూడవది సంయోగం. పప్పుకూరలో పిండిన నిమ్మరసం, భోజనంతో తిన్న ఉసిరిక ఇనుము శోషణకు తోడ్పడతాయి. భోజనం కాగానే తాగే టీ, కాఫీలు దానిని అడ్డుకుంటాయి. గంటకు పైగా వ్యవధి ఇవ్వడం మేలు. ఇనుప మూకుడులో చింతపండు పులుసు కాచినప్పుడు పులుపు వల్ల కొంత ఇనుము వంటకంలోకి దిగుతుంది.

నాలుగవది అతిసారం విషయం. విరేచనాలతో నీటితో పాటు సోడియం, పొటాషియం, జింకు కూడా బయటికి పోతాయి. ఉప్పు వేసిన గంజి, మజ్జిగ మన ఇళ్ళలో అనాదిగా ఉన్న ఉపాయాలు. పసిపిల్లల అతిసారానికి ఓ.ఆర్.ఎస్. ద్రావణంతో పాటు పది నుండి పధ్నాలుగు రోజులు జింకు ఇవ్వాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ, యునిసెఫ్ 2004లో సంయుక్తంగా సూచించాయి. ఇక్కడ సంప్రదాయానికీ శాస్త్రానికీ కలహం లేదు.

సాధక మిత్రులకు ఒక ముఖ్య విజ్ఞప్తి. ప్రకృతి వైద్యమంటే పరీక్షలను తిరస్కరించడం కాదు. నిస్సత్తువ ప్రతిసారీ ఖనిజ లోపం వల్లనే కలుగదు, ప్రతి మంటా ఆమ్లం వల్లనే పుట్టదు. మూత్రపిండాలు బలహీనంగా ఉన్నవారికి మెగ్నీషియం మాత్రలు, పొటాషియం అధికంగా ఉన్న కొబ్బరినీళ్ళు సైతం ప్రమాదకరం కావచ్చు. ఒకరికి అమృతమైనది మరొకరికి విషం కావడం ఇట్లాగే. మలంలో రక్తం, నల్లని మలం, మ్రింగడంలో కష్టం, కారణం లేకుండా బరువు తగ్గడం, ఆగని వాంతులు – వీటిలో ఏది కనిపించినా గృహవైద్యంతో కాలయాపన చేయక వెంటనే వైద్యుని దర్శించాలి. ఛాతీమంట అనుకున్నది చెమటతో, ఎడమ భుజం లేదా దవడ నొప్పితో కూడి వస్తే అది హృదయానికి సంబంధించినది కావచ్చు. అప్పుడు క్షణం కూడా ఆలస్యం తగదు. వైద్యులు వ్రాసిన మందును స్వయంగా మానడమూ, ఇరుగుపొరుగు చెప్పిన మందును స్వయంగా మొదలుపెట్టడమూ సమానంగా అనుచితాలు.

ఇప్పుడు ఆసనం మీద ఒక గంట నిశ్చలంగా కూర్చోగలుగుతున్నాను. అప్పుడప్పుడు మంట వస్తుంది. వచ్చినప్పుడు రాత్రి ఏమి తిన్నానో, ఎప్పుడు తిన్నానో, ఏ ఆందోళనతో తిన్నానో విచారిస్తాను. సగం సమాధానం మూడవ ప్రశ్నలోనే దొరుకుతుంది. తిన్న అన్నంలోని అత్యంత సూక్ష్మాంశమే మనస్సుగా పరిణమిస్తుందని ఉపనిషత్తు చెప్పింది. కలత చెందిన మనస్సుతో తిన్న అన్నం మళ్ళీ మనస్సునే చేరితే ఆ కలతకు అంతమెక్కడ? అందుచేత ప్రాణాహుతుల వేళ ఐదు క్షణాలైనా మౌనంగా ఆగుదాం. లోపల ఉన్న అతిథి ఆకలితో ఎదురుచూస్తున్నాడు. ఆయనకు తగినంత, తగిన వేళ, శ్రద్ధతో వడ్డించడమే గృహస్థుడు నిత్యం చేయగలిగిన అగ్నికార్యం.

స్వస్తి.