దిగడం తేలికే, ఎక్కడమే కష్టం!

అమెరికాలో ఉన్న పిల్లల దగ్గరకు వెళ్ళే తల్లిదండ్రులు చాలామంది లాస్ వేగాస్ నుంచి కారులో బయలుదేరి జయాన్, బ్రైస్, గ్రాండ్ కాన్యన్ లోయలు చూసి వస్తారు. ఎర్రని రాతిగోడలు, మైలు లోతున కొలరాడో నది - చూసి తీరవలసిన దృశ్యాలే. మీరూ వెళుతుంటే ఈ నాలుగు విషయాలు గుర్తుంచుకోండి.

మన కోస్తా ఉక్కలో చెమటకు చొక్కా తడిసిపోతుంది. ఆ ఎడారి గాలికి చెమట పట్టింది పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్ళు పొడిగానే ఉంది కదా అని నీళ్ళు తాగడం మరచిపోతారు. మూత్రం ముదురు పసుపు రంగులో వస్తుంటే ఒంట్లో నీరు తగ్గిందన్నమాటే.

అలాగని వట్టి నీళ్ళే అదేపనిగా తాగినా ప్రమాదమే. రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, మగత కలుగుతాయి. నీళ్ళతో పాటు నాలుగు జంతికలో, ఉప్పు బిస్కట్లో తినండి. రక్తపోటుకు, గుండెజబ్బుకు మందులు వాడేవారు, ముఖ్యంగా మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వేసుకునేవారు, ఉప్పూ నీళ్ళూ ఎంత తీసుకోవాలో బయలుదేరే ముందే తమ డాక్టరును అడగాలి. ఇన్సులిన్‌ను ఎండలో ఆపిన కారులో వదలకండి.

లాస్ వేగాస్ సుమారు 2,000 అడుగుల ఎత్తున ఉంది. గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచు సుమారు 7,000, బ్రైస్ అంచు 8,000 అడుగుల పైమాట. అక్కడ నాలుగడుగులకే ఆయాసం రావచ్చు. మొదటి రోజు నిదానంగా నడవండి.

ఇక నడక. తిరుమల మెట్లెక్కేవారికి కష్టం ముందే తెలుస్తుంది. లోయలో అలా కాదు. దిగేటప్పుడు హాయిగా ఉంటుంది; అలసిపోయాక ఎక్కవలసి వస్తుంది. దిగడానికి పట్టిన కాలానికి రెట్టింపు ఎక్కడానికి పడుతుంది. పైగా అడుగున వేడి అంచు మీదకంటే 20, 30 ఫారెన్‌హీట్ డిగ్రీలు ఎక్కువ. ఒక్క రోజులో నది దాకా దిగి తిరిగి రావద్దనీ, వేసవిలో ఉదయం 10 నుంచి సాయంత్రం 4 దాకా లోయలో నడవవద్దనీ పార్కువారే హెచ్చరిస్తారు.

తోటివారెవరికైనా మాట తడబడినా, తికమక కలిగినా అది వడదెబ్బ కావచ్చు. వెంటనే నీడకు చేర్చి, ఒళ్ళంతా తడిపి విసురుతూ, రేంజర్లకు కబురు చేయండి.

పిల్లలు ముచ్చటపడి “ఇంకొంచెం దిగుదాం నాన్నా” అనవచ్చు. మోకాళ్ళు వద్దంటే మొహమాటపడకండి. “మీరు వెళ్ళి రండి, నేనీ అంచున కూర్చుని చూస్తాను” అనండి. అస్తమయ వేళ ఆ లోయ రంగులు మారడం అక్కడి నుంచే బాగా కనిపిస్తుంది.