మన వ్యాను, మావయ్య కాలు

వనభోజనాల రోజు తప్తపాణి ఘాట్‌లో ఏం జరిగిందని చాలామంది అడుగుతున్నారు. బరంపురంలో ఒక్కో వీధిలో ఒక్కో కథ తిరుగుతోంది. బ్రేకులు ఫెయిలయ్యాయని కూడా అంటున్నారట. అందుకే కమిటీ తరఫున మేమే రాస్తున్నాం. కాస్త పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన ఓమ్నీ 1997 నాటిది, కార్బరేటర్ బండి. ఆ రోజు అందులో పిల్లలు, పులిహోర గిన్నెలు, కమిటీవాళ్లం ఇద్దరం ఉన్నాం. దిగపహండి దాటి ఘాట్ ఎక్కుతున్నాం. ఒక మలుపు ముందు డ్రైవర్ మావయ్య ఎక్సలేటర్ మీంచి కాలు తీశారు. బండి తగ్గలేదు. ఓమ్నీలో ఇంజను ముందు సీట్ల కిందే కదా, ఆ రేస్ మా కిందే హోరుమంటోంది. పిల్లలు సరదా అనుకుని కేకలు వేస్తున్నారు.

మావయ్య ఒక్క మాట మాట్లాడలేదు. క్లచ్ తొక్కి గేరు న్యూట్రల్‌కి తెచ్చారు. బ్రేకు మీద కాలు అలాగే ఉంచి, బండిని కొండవైపు అంచుకు తెచ్చి ఆపారు. అప్పుడుగానీ తాళం తిప్పలేదు. "ముందే తాళం తీసెయ్యొచ్చు కదా మావయ్యా" అని మాలో ఒకరం అరిచాం కూడా. కదులుతున్న బండికి తాళం లాగేస్తే స్టీరింగ్ లాక్ పడిపోతుందని ఆయన తర్వాత చెప్పారు. పాత బండ్లున్నవాళ్లు ఈ ఒక్క సంగతైనా ఇంట్లో అందరికీ చెప్పండి. న్యూట్రల్‌లో ఇంజను ఎంత అరిచినా అరవనివ్వండి, ముందు బండి ఆగాలి. పిల్లల్ని వేరే బండిలో పంపించాం. భోజనాలు ఆలస్యమయ్యాయి, అంతే.

ఇప్పుడు చెప్పక తప్పనిది చెప్తాం. దసరా ముందు మీటింగులో వ్యాను కుదుపుల గురించి మాటొచ్చినప్పుడు, మావయ్యకి వయసైపోయింది, కాలు బరువెక్కింది, కుర్రవాణ్ణెవరినైనా పెట్టుకుందాం అన్నాం. మినిట్స్‌లో కూడా రాశాం. ఆయన లేచి "కాలు కాదు బాబూ, పెడల్ సరిగా తిరిగి రావట్లేదు" అన్నారు. మేం వినలేదు. ఆ మాట మినిట్స్‌లో లేదు.

వినకపోవడానికి మాకు ఒక కారణం దొరికింది. అంతకు కొద్దిరోజుల ముందే బండిని ఒక షెడ్డులో చూపించాం. అప్పట్లో ఎక్కడైనా ఆపితే చాలు, వ్యాను వణికేది, ఒక్కోసారి ఆగిపోయేది. అక్కడి కుర్రాడు ఒక స్క్రూ తిప్పి రేస్ పెంచాడు. ఆగిపోవడం మానేసింది. బండి బాగైందనుకుని డబ్బులిచ్చి వచ్చేశాం. అందుకే, ఆ తర్వాత వచ్చిన ప్రతి ఇబ్బందీ డ్రైవర్‌దే అనుకున్నాం.

ఘాట్ సంగతి జరిగాక మావయ్య చెప్పిన పాత మిస్త్రీ దగ్గరికి బండిని కట్టి లాక్కెళ్లాం. ఆయన మాట సగం ఒడియా, సగం తెలుగు. ముందు కాళ్ల దగ్గరున్న మ్యాట్ తీసి బయట పడేశారు. మ్యాట్ మడతపడి పెడల్‌ని పట్టేసే బండ్లే ఎక్కువట. మనది అది కాదు. ఇంజను ఆపి, సీటు ఎత్తి, "టికే దబా, టికే ఛాడ" అంటూ మా చేత పెడల్ నొక్కించి వదిలించారు. తర్వాత కార్బరేటర్ దగ్గర కేబుల్ కొక్కెం విప్పి అక్కడి లీవర్‌ని వేలితో లాగి వదిలారు. టక్కుమని వెనక్కొచ్చింది. అంటే కార్బరేటర్ తప్పు లేదు, స్ప్రింగూ బాగానే ఉంది. విడిపోయిన కేబుల్‌ని చేత్తో లాగితే మాత్రం గరగరమంది.

బయటికి తీస్తే, వంపు తిరిగే చోట లోపలి తీగ పోగులు తెగి చీపురు పుల్లల్లా విచ్చుకుని ఉన్నాయి. తుప్పు సరేసరి. కర్మలకీ స్నానాలకీ గోపాల్‌పూర్ తీరానికి ఈ బండి ఎన్నిసార్లు వెళ్లిందో మనకే లెక్క లేదు. ఊళ్లో పెడల్ కొంచెం తొక్కితే సరిపోతుంది, ఆ కొంచానికి నెమ్మదిగానైనా తిరిగొచ్చేది. ఘాట్‌లో పూర్తిగా తొక్కేసరికి విచ్చుకున్న పోగులు గొట్టంలో ఇరుక్కున్నాయి. మావయ్య చెప్పింది అక్షరాలా అదే.

కొత్త కేబుల్ వేశాక కూడా వణుకు ఉంది. అది వేరే జబ్బు. ఇంజను నడుస్తుండగా మిస్త్రీ సన్న రబ్బరు గొట్టాల్ని ఒక్కొక్కటే ప్లయర్‌తో నొక్కుతూ పోయారు. ఒకదాన్ని నొక్కగానే ఇంజను స్వరం కుదురుకుంది. ఆ గొట్టం కొస పగిలి ఉంది. కార్బరేటర్‌కి తెలియకుండా అందులోంచి గాలి దూరుతోంది. గాలి ఎక్కువై పెట్రోలు చాలకపోతే స్లోలో బండి మిస్సింగ్ కొట్టదా మరి! స్క్రూ తిప్పి రేస్ పెంచితే జబ్బు పోలేదు, మనకి వినపడకుండా పోయింది. గొట్టం మార్చాక బండి ఉన్నట్టుండి గట్టిగా అరిచింది, ఆ స్క్రూ ఇంకా పెంచే ఉంది కాబట్టి. దాన్ని వెనక్కి తిప్పాక ఇప్పుడు హాయిగా నడుస్తోంది. వారమంతా కదలకుండా ఉండే బండి కనుక స్లో జెట్‌లో పెట్రోలు ఎండి బంకలా పట్టింది. అదీ కడిగారు.

వ్యాను అమ్మేద్దామన్నవాళ్ల మాట వచ్చే మీటింగులో చర్చిద్దాం. అది వేరే సంగతి. మావయ్య గురించి రాసిన ఆ వాక్యాన్ని మాత్రం కొట్టేసి, ఆయన అన్న మాటని పక్కన రాశాం. ఆదివారం ఆయన ఇంటికి వెళ్లి క్షమించమని అడిగాం. ఆయన టీ ఇచ్చి, మ్యాట్ మళ్లీ వెయ్యొద్దని చెప్పారు. బండి స్టార్ట్ చేసే ముందు పెడల్‌ని ఒకసారి పూర్తిగా నొక్కి వదిలి చూడమనీ చెప్పారు.

పాత కేబుల్ ఆఫీసులో మేకుకి వేలాడుతోంది. చూడాలనుకున్నవాళ్లు సాయంత్రం రండి. మావయ్య దాన్ని తీసెయ్యమంటున్నారు, మేమే ఇంకా తియ్యలేదు.