కయాక్ మీద పెరిగే బరువు

టెక్సాస్ సరస్సుల్లో బాస్ చేపల కోసం తిరిగే మాబోటి వాళ్లకు కయాక్ కొనడంతో ఖర్చు తీరదు, అక్కడే మొదలవుతుంది. ముందు రాడ్ హోల్డర్లు, తర్వాత ఫిష్ ఫైండర్. దానికో బ్యాటరీ. బ్యాటరీ ఎలాగూ ఉందని మనసు మోటారు మీదికి పోతుంది; మోటారు పెడితే ఇక్కడ రిజిస్ట్రేషన్ తప్పదు. ఆ బరువును కారు పైకి ఎత్తలేక ట్రైలర్. చూస్తుండగానే సామాను ఖరీదు పడవ ధరను దాటేస్తుంది.

కానీ కయాక్ మొదట ఇలా ఉండేది కాదు. ఆర్కిటిక్‌లో ఇన్యూట్ వేటగాడు సీల్ చర్మపు కయాక్‌ను ఒంటరిగా భుజాన మోసుకెళ్లేవాడు. ఆ తేలికదనమే దాని ప్రాణం. నేను కయాక్‌ను ప్రేమించిందీ అందుకే.

లైఫ్ జాకెట్ దగ్గర మాత్రం బేరమాడకండి, ఒంటికి సరిపోయే మంచిది తీసుకోండి. మిగతావి ఒక సీజన్ నీళ్ల మీద గడిపాక, నిజంగా లోటనిపిస్తేనే కొనండి.