రెండు కామాల మధ్య

ఇంగ్లీషు రాసేటప్పుడు మా పిల్లలు అన్నిటికన్నా తేలిగ్గా తీసుకునేది కామాని. వాక్యం నడుస్తుండగా మధ్యలో దూరే మాటకి అటొకటి, ఇటొకటి కామా పెట్టాలి. అది ‘హవెవర్’, ‘ఆఫ్ కోర్స్’ లాంటి మాట కావచ్చు, ఎవరినో పిలిచే పిలుపు కావచ్చు, ఒక మనిషి గురించిన వివరం కావచ్చు. పిల్లలు మొదటిది పెట్టి రెండోది వదిలేస్తారు. నర్సరీ గేటు తీసుకుని లోపలికొచ్చి, మళ్ళీ వేయకపోతే మేకలు ఊరుకుంటాయా అంటే నవ్వుతారు.

వాళ్ళని అనడానికీ లేదు. తెలుగు వాక్యం నడక వేరు. “కడియంలో ఉండే మా అక్క టీచరు” అంటాం. వివరం ముందొచ్చి మనిషికి అతుక్కుపోతుంది. ఇంగ్లీషులో “మై సిస్టర్, హూ లివ్స్ ఇన్ కడియం, ఈజ్ ఎ టీచర్” అని మనిషిని ముందు చెప్పి, కాస్త ఆగి, వివరం చెప్పి మళ్ళీ సాగుతారు. ఆ రెండు కామాలూ తీసేస్తే నాకు ఇంకా అక్కచెల్లెళ్ళు ఉన్నారనీ, వాళ్ళలో కడియంలో ఉన్నామె టీచరనీ అర్థం. తెలుగులో రెండిటికీ ఒకటే వాక్యం. మన తాటాకు పుస్తకాల్లో కామాలే లేవు. అవి అచ్చుతో, ఇంగ్లీషు చదువుతో వచ్చినవి.

ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడం కష్టమేమీ కాదు. మధ్యలో ఉన్న మాటలు తీసేసి చూడాలి. వాక్యం నిలబడి, అసలు సంగతి మారకుండా ఉంటే వాటికి కామాలు పెట్టాలి.

మా కడియం చుట్టూ నర్సరీలే. నా దగ్గర చదువుకునే అమ్మాయిల తల్లులు చాలామంది మట్టి కలపడానికి, కవర్లు నింపడానికి, అంట్లు కట్టడానికి రోజుకూలీకి వెళతారు. అందుకని ఒకసారి బోర్డు మీద “ది వర్కర్స్, హూ ఆర్ పర్మనెంట్, విల్ గెట్ ఎ బోనస్” అని రాశాను. బోనస్ ఎవరికి? పనివాళ్ళందరికీ. ఎందుకంటే అందరూ పర్మనెంటేనని ఆ వాక్యం చెబుతోంది. తర్వాత రెండు కామాలూ తుడిచేశాను. ఇప్పుడు పర్మనెంటు అయినవాళ్ళకే. వెనక బెంచీ అమ్మాయి లేచి, “అయితే మేడమ్, ఆ రెండూ తుడిచేస్తే మా అమ్మకి రాదన్నమాట” అంది. ఆ తర్వాత కామాల గురించి నేను వేరే చెప్పాల్సింది లేకపోయింది.

ఈ సూత్రాన్ని నేను ఇంట్లో కూడా చూశాను. నాన్న పోయాక ఇల్లు అమ్మ పేరుకి మార్చడానికి అఫిడవిట్ రాయించాం. “ఐ, ఫలానా, వైఫ్ ఆఫ్ లేట్ ఫలానా, రెసిడెంట్ ఆఫ్ కడియం, డు హియర్‌బై సాలెమ్‌న్‌లీ అఫర్మ్” అని మొదలవుతుంది. తెలుగు దస్తావేజుల్లో అయితే “ఫలానా వారి భార్య ఫలానా” అని భర్త ముందు, ఆమె తర్వాత. ఇక్కడ కామాల మధ్య ఉన్నవన్నీ ఎత్తేస్తే భర్తా పోతాడు, ఊరూ పోతుంది, ఆమె పేరు కూడా పోతుంది. ‘నేను’ ఒక్కటే మిగులుతుంది. ఆ సంగతి చెబితే అమ్మ కాసేపు ఆ కాగితాన్నే చూసి, “అయితే చెబుతున్నది నేనేనన్నమాట” అంది. వ్యాకరణం ఒప్పుకుంటుంది గానీ, భర్త పేరు లేకుండా ఆ కాగితం ఏ ఆఫీసులో తీసుకుంటారు? మగవాళ్ళ కాగితాల్లో ‘సన్ ఆఫ్’ ఉంటుంది. ‘హజ్బెండ్ ఆఫ్’ అని రాసింది మీరెవరైనా చూశారా?

తీసేసినా వాక్యం చెడదు కాబట్టి ఆ మనిషి అక్కర్లేదనుకోవడం వేరే సంగతి. మాకు దగ్గర్లోని రాజమండ్రిలో 1881 డిసెంబరు 11న కందుకూరి వీరేశలింగం తన మొదటి వితంతు వివాహం జరిపించారు. దాన్ని మనం ఇంగ్లీషులో “వీరేశలింగం, ఎయిడెడ్ బై హిజ్ వైఫ్ రాజ్యలక్ష్మి, కండక్టెడ్ ది మ్యారేజ్” అన్నట్టు రాస్తుంటాం. కామాల మధ్య మాటలు తీసేయండి. వాక్యానికి ఏ లోటూ లేదు. కానీ ఊరు వెలివేసి, వంటవాళ్ళూ నీళ్ళు మోసేవాళ్ళూ రావడం మానేసినప్పుడు గోదావరి నుంచి నీళ్ళు తెచ్చి, పెళ్ళివారికి వండిపెట్టింది రాజ్యలక్ష్మిగారే. ఆవిడ లేకపోయినా వాక్యం నిలబడుతుంది, పెళ్ళి నిలబడదు.

పిల్లలకి ఇది చెప్పి, ఆ వాక్యాన్నే మీ ఇష్టం వచ్చినట్టు మార్చి రాయండి అన్నాను. మార్కులకేం సంబంధం లేదన్నాను. బోనస్ సంగతి అడిగిన అమ్మాయే “రాజ్యలక్ష్మి, హూజ్ హజ్బెండ్ వాజ్ వీరేశలింగం, క్యారీడ్ వాటర్ ఫ్రమ్ ది గోదావరి” అని రాసుకొచ్చింది. రెండు కామాలూ పెట్టింది.