సింహళం చుట్టి వద్దాం

పిల్లలూ! విదేశయాత్ర అనగానే అది డబ్బున్నవాళ్లకు మాత్రమే చెల్లే సంగతి అనుకుంటాం. కాని యాత్రలో డబ్బు మంచినీళ్లలాగా ఖర్చయ్యేది చాలావరకు ముందుగా లెక్క వేసుకోకపోవడం చేతనే. ఆ లెక్క ఎలా వేయాలో ఈ నెల చూద్దాం.

ఒక మధ్యతరగతి కుటుంబం ఉన్నదనుకోండి. నాన్న, అమ్మ, ఇద్దరు పిల్లలు, బామ్మ. వేసవి సెలవుల్లో ఒక పరదేశం చూసి రావాలని వాళ్లు రెండేళ్లుగా డబ్బు కూడబెట్టారు. తీరా చూస్తే ఆ డబ్బు బొటాబొటీగా ఉన్నది. ఇలాంటప్పుడు ఏ ఇంట్లోనైనా మొదట వెనక్కు తగ్గేది బామ్మే. "నాకెందుకర్రా, మీరు వెళ్లి రండి," అంటుంది. అప్పు చేయకూడదు, బామ్మను ఇంట్లో వదిలిపెట్టకూడదు. ఇదీ మన లెక్క.

మనం ఎంచుకున్న దేశం శ్రీలంక. మన పెద్దలు దీన్ని సింహళద్వీపం అనేవారు. చెన్నైలో విమానం ఎక్కితే గంటన్నర లోపునే చేరవచ్చు. వైశాల్యంలో ఈ దేశం మన ఆంధ్రప్రదేశ్‌లో సగం కూడా ఉండదు. అయినా అందులోనే సముద్రం, మంచు కమ్మే కొండలు, రాతి కోటలు, తేయాకు తోటలు అన్నీ ఉన్నాయి. అక్కడ కూడా బళ్లు మనలాగే రోడ్డుకు ఎడమవైపునే నడుస్తాయి. కారులో చుట్టి రావడానికి ఇంతకంటె వీలైన పరదేశం మనకు దగ్గరలో లేదు.

మొదటి పని: ఎప్పుడు వెళ్లాలి? సింహళానికి రెండు రుతుపవనాలున్నాయి. నైరుతి రుతుపవనం మే నెల చివరి నుంచి దక్షిణ, పశ్చిమ భాగాలను తడుపుతుంది. ఈశాన్య రుతుపవనం చలికాలంలో ఉత్తర, తూర్పు భాగాలకు వాన తెస్తుంది. మన బడి సెలవులు ఏప్రిల్ చివరలో మొదలవుతాయి. అప్పటికి నైరుతి రాదు. అయితే ఆ రోజుల్లో మధ్యాహ్నం దాటాక ఉరుములతో జల్లులు పడడం కద్దు. అంచేత కొండలెక్కడం, కారు ప్రయాణం ఉదయమే ముగించుకోవాలి. ఏప్రిల్ 13, 14 తేదీల్లో వాళ్ల సంవత్సరాది. ఆ వారంలో చాలా దుకాణాలు మూసి ఉంటాయి, ఊళ్లకు వెళ్లే జనంతో రోడ్లు కిటకిటలాడతాయి. మనం బయలుదేరేసరికి ఆ సందడి అణిగిపోతుంది.

రెండో పని: దేశపటం తీసి దారి గీయాలి. దారి గుండ్రంగా ఉండాలి. పోయిన దారినే తిరిగి వస్తే అదే దూరానికి రెండుసార్లు నూనె పోయాలి. మన దారి ఇది: విమానం దిగే కటునాయకే పక్కనే ఉన్న నెగొంబో; అక్కడి నుంచి దంబుల్లా; తరవాత కాండీ; నువర ఎలియా మీదుగా ఎల్లా; కొండ దిగి సముద్రతీరాన గాలె; మళ్లీ కటునాయకే. ఇవన్నీ కలిపి, పక్క తిరుగుళ్లతో సహా, సుమారు 750 కిలోమీటర్లు.

"ఇంతేనా! మనకు రెండు రోజుల పని," అనుకోకండి. కొండదారిలో కిలోమీటర్లను నమ్మరాదు, గంటలను లెక్కపెట్టాలి. కాండీ నుంచి ఎల్లాకు 140 కిలోమీటర్లకు మించదు. కాని మలుపుల మీద మలుపులు గనక దాదాపు ఐదు గంటలు పడుతుంది. అదే గాలె నుంచి విమానాశ్రయానికి అంత దూరమే ఉన్నా, ఎక్స్‌ప్రెస్ రోడ్డు మీద అందులో సగం సేపు చాలు.

మూడో పని: ఎన్నిచోట్ల ఆగాలి? చాలామంది ఎనిమిది రాత్రుల్లో ఎనిమిది ఊళ్లు చూడాలనుకుంటారు. బస మార్చిన ప్రతిసారీ సామాను సర్దడం, గది వెతకడం, దారిలో తినడం వీటితో సగం రోజు, కొంత డబ్బు గాలికి పోతాయి. మనం ఐదు మజిలీలే పెట్టుకుందాం. నెగొంబోలో ఒక రాత్రి, దంబుల్లాలో రెండు, కాండీలో రెండు, ఎల్లాలో రెండు, గాలెలో ఒకటి. మొత్తం ఎనిమిది. కొలంబో నగరం దారికి పక్కనే ఉన్నా దాన్ని వదిలేశాం. ఏది వదలాలో తెలిస్తే గాని యాత్ర చౌకగా సాగదు.

నాలుగో పని అసలైనది. ఒక కాగితం మధ్యగా గీత గీయండి. ఎడమవైపున మనిషికింత చొప్పున అయ్యే ఖర్చులు రాయండి: విమానం టిక్కెట్టు, దేశంలోకి అనుమతి, తిండి, వింతలు చూడడానికి ప్రవేశ రుసుము. కుడివైపున అందరికీ కలిపి ఒక్కసారే అయ్యే ఖర్చులు రాయండి: వ్యాను అద్దె, డీసెలు, డ్రైవరు జీతం, పెద్ద గది. కుడివైపు ఖర్చులు మనుషులు పెరిగినంత మాత్రాన పెరగవు.

ఎలాగో చూడండి. వ్యాను లీటరుకు 10 కిలోమీటర్లు నడిస్తే 750 కిలోమీటర్లకు 75 లీటర్లు కావాలి. నలుగురే వెళ్తే తలకు పద్దెనిమిది ముప్పాతిక లీటర్లు పడుతుంది. బామ్మ కూడా వస్తే తలకు 15 లీటర్లే. రోడ్డు మీద బామ్మ సీటుకు ఎవరూ అదనంగా ఒక్క పైసా ఇవ్వనక్కరలేదు. ఆమెకు నిజంగా కావలసింది విమానం టిక్కెట్టు, అనుమతి, రెండు పూటల తిండి. మూడు మజిలీలు తగ్గించాం గదా! గదుల్లో, దారితిండిలో మిగిలినది ఆ టిక్కెట్టు కింద జమ కడదాం.

కారును మనమే నడుపుకోవాలంటే మన లైసెన్సు ఒక్కటే చాలదు, అక్కడి అధికారుల అనుమతి పత్రం కూడా కావాలి. కొండదారులు తెలిసిన డ్రైవరుతో సహా వ్యాను మాట్లాడుకోవడమే మేలు. అతని భోజనం, పడక అద్దెలోనే కలిసి ఉన్నాయా లేదా అని ముందుగానే అడగాలి. అతను మనకంటె పెద్దవాడైతే "అయ్యా" అని పిలవవచ్చు. సింహళ భాషలో అయ్యా అంటే అన్నయ్య!

ఇంకొక చిక్కు. ఈ మధ్య కాలంలో మన రూపాయికి అక్కడి రూపాయలు మూడుకు పైగా వస్తున్నాయి. అంచేత అక్కడ ధర వినగానే గుండె గుభేలుమంటుంది. మూడుతో భాగించి చూసుకుంటే కుదుటపడుతుంది.

ఇక బయలుదేరుదాం. దంబుల్లాకు దగ్గరలోనే సిగిరియా ఉన్నది. చదునైన అడవి మధ్య ఒకే ఒక్క బండ, సుమారు 180 మీటర్ల ఎత్తున, నిటారుగా నిలబడి ఉంటుంది. 5వ శతాబ్దంలో కశ్యపుడనే రాజు తన తండ్రిని చంపి సింహాసనం ఎక్కాడు. పారిపోయిన సోదరుడు మొగ్గల్లానుడు ఎప్పటికైనా వస్తాడనే భయంతో ఈ బండ నెత్తిన కోట కట్టుకున్నాడు. చివరకు సోదరుడు సైన్యంతో రానే వచ్చాడు, 495లో కశ్యపుడి కథ ముగిసింది. దారిలో కనిపించే సింహపు పాదాలు, గోడ మీది స్త్రీల చిత్రాలు ఆనాటివే. బండ కింద తోటలో ఫౌంటెన్లున్నాయి. ఎత్తున నిలిచిన నీరు నేల కింది కాలవల్లో దిగి, ఆ ఒత్తిడికి రాతిపలకల రంధ్రాల గుండా పైకి చిమ్ముతుంది. మంచి వానలు పడినప్పుడు అవి ఈనాటికీ పనిచేస్తాయి!

ఇక్కడ ప్రవేశ రుసుము ఎక్కువ. అయితే మన దేశం వంటి సార్క్ దేశాలవారికి తగ్గింపు ఉన్నది, పాస్‌పోర్టు చూపాలి. పైకి సుమారు 1,200 మెట్లు. ఎక్కేవారికే టిక్కెట్టు కొందాం. ఆ ఉదయం బామ్మ బసలో విశ్రాంతి తీసుకుంటుంది. సాయంత్రం అందరం చెరువుగట్టున కూర్చుని అదే బండను దూరం నుంచి ఉచితంగా చూస్తాం. ప్రతి మజిలీలోనూ పిల్లలకు ఒకటి, బామ్మకు ఒకటి ఉండాలి. ఈ నియమం మరవకండి.

కాండీలో బామ్మ వంతు. అక్కడ బుద్ధుడి దంతం ఉన్న ఆలయం ఉన్నది. ఊరికి దగ్గరలో పేరాదెనియా వృక్షవనం ఉన్నది. 59 హెక్టార్ల నేల, నడవడానికి అనువైన బాటలు. కాండీకి, మనకూ ఒక చుట్టరికం కూడా ఉన్నది. కాండీ రాజులు మధుర నుంచి రాణులను తెచ్చుకునేవారు. 1739లో రాజుకు రాణుల వల్ల వారసుడు లేకపోయేసరికి రాణిగారి తమ్ముడే గద్దె ఎక్కాడు. అలా వచ్చినవారే నాయక్కర్ రాజులు. మధుర నాయకులు తెలుగు మూలం వారని మనకు తెలిసినదే గదా. ఆ వంశంలో ఆఖరివాడు శ్రీ విక్రమ రాజసింహుడు. ఆలయం ముందున్న చెరువు అతను తవ్వించినదే. 1815లో ఇంగ్లీషువాళ్లు అతన్ని పట్టుకుని వెల్లూరు కోటలో ఉంచారు. 1832లో అక్కడే మరణించాడు. ఈనాటికీ ఆ దేశంలో అహికుంటికులనే సంచార జాతివాళ్లు కొద్దిమంది ఉన్నారు. పాములనూ, కోతులనూ ఆడించడం వాళ్ల కులవృత్తి. వాళ్లు ఇంట్లో మాట్లాడుకునే భాష తెలుగే!

కాండీ నుంచి కారు కొండలెక్కుతుంది. ఎత్తుకు వెళ్లేకొద్దీ గాలి చల్లబడుతుంది. ప్రతి కిలోమీటరుకు ఇంచుమించు ఆరు డిగ్రీలు తగ్గుతుందని లెక్క. కాండీ సుమారు 500 మీటర్ల ఎత్తున, నువర ఎలియా దాదాపు 1,870 మీటర్ల ఎత్తున ఉన్నాయి. తేడా ఎనిమిది డిగ్రీలకు పైమాటే. స్వెట్టరు ఇంటి నుంచే తీసుకువెళితే అక్కడ కొనే పని తప్పుతుంది. ఊరు దాటగానే సీత ఎలియాలో సీతమ్మ గుడి వస్తుంది. రావణుడి అశోకవనం అదేనని అక్కడివాళ్లు చెబుతారు. బామ్మ ఇక్కడ దిగక మానదు.

దారికి రెండు వైపులా తేయాకు తోటలే. ఒకప్పుడు ఇవన్నీ కాఫీ తోటలు. 1869లో ఆకులకు కుంకుమ తెగులు పట్టి, కొద్ది ఏళ్లలో కాఫీ నాశనమయింది. అంతకు రెండేళ్ల ముందు, 1867లో, జేమ్స్ టేలర్ అనే ఆయన 19 ఎకరాల్లో తేయాకు వేసి చూశాడు. తరవాత దేశమంతా ఆయన దారి పట్టింది. ఈ తోటల్లో పనికి తమిళ దేశం నుంచి వేలాది మందిని తెచ్చారు. ఈనాడు రెండాకులూ, ఒక మొగ్గా చొప్పున తుంచి బుట్టలో వేస్తున్న తల్లులు వాళ్ల సంతతివారే.

ఎల్లా దగ్గర దెమోదరలో తొమ్మిది కమానుల వంతెన ఉన్నది. 1921లో ఇటుక, రాయి, సిమెంటుతోనే కట్టారు, ఉక్కు వాడలేదు. దీన్ని చూడడానికి టిక్కెట్టు లేదు. దెమోదర స్టేషను ఇంకా వింత. రైలుదారి కొండ చుట్టూ చుట్టుకుని, సొరంగంలో దూరి, అదే స్టేషను కింద నుంచి పోతుంది.

ఎల్లా నుంచి దిగుతుంటే రోడ్డు పక్కనే రావణ జలపాతం. ఆ తరవాత మైదానం, ఆపైన సముద్రం. సాయంత్రానికి గాలె. ఈ కోటను పోర్చుగీసువాళ్లు మొదలుపెట్టారు. 1640లో డచ్చివాళ్లు పట్టుకుని పెద్ద గోడలు కట్టారు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చి కోట బయట ఎన్నో ఇళ్లను, ప్రాణాలను పొట్టన పెట్టుకున్నది. గోడల లోపలి ఊరు చాలావరకు నిలిచింది. ఆ గోడల మీద నడవడానికి రుసుము లేదు. బామ్మ కూడా సూర్యాస్తమయం దాకా తాపీగా నడవవచ్చు.

తిండి మాట. పెద్ద హోటళ్లలో ఒక పూట తినే డబ్బుతో వీధి హోటళ్లలో రోజంతా తినవచ్చు. అన్నం, నాలుగైదు కూరలు, ఆప్పాలు, ఇడియాప్పాలు, కొబ్బరి పచ్చడి మన నోటికి కొత్త కావు. గేదెపెరుగు మీద తాటిపాకం లాంటి కితుల్ పాకం పోసి ఇస్తారు. 2022లో ఆ దేశం పెద్ద ఆర్థిక సంకటంలో పడింది. పెట్రోలు కోసం జనం రోజుల తరబడి వరసల్లో నిలబడ్డారు. చిన్న హోటల్లో మనమిచ్చే డబ్బు తిన్నగా ఒక ఇంటికి చేరుతుంది.

చివరిగా, ఉన్న డబ్బులో పదోవంతు ముట్టుకోకుండా పక్కన పెట్టాలి. 2025 నవంబరులో దిత్వా తుఫాను వచ్చి ఈ కొండల్లో చరియలు విరిగిపడ్డాయి. వందలాది మంది చనిపోయారు, దారులు తెగిపోయాయి. కొండదారి పట్టేముందు రోడ్డు తెరిచి ఉన్నదా, రైళ్లు నడుస్తున్నాయా అని రోజూ వాకబు చేయాలి. వాన ఆపితే ఒక రాత్రి ఎక్కువ ఉండవలసి వస్తుంది. ఆ పదోవంతు అందుకు. అవసరం పడకపోతే అదే వచ్చే యాత్రకు మొదటి జమ.

ఇప్పుడు మీరు కూడా ఒక దేశపటం, ఒక కాగితం తీసుకోండి. నేపాలో, భూటానో, మీకు నచ్చిన దేశం ఎంచుకోండి. గుండ్రంగా దారి గీయండి, గంటలు లెక్కపెట్టండి, కాగితాన్ని రెండుగా విడదీసి ఖర్చులు రాయండి. మీ ఇంట్లో "నాకెందుకులే" అనేవారి పేరును మాత్రం ఆ కాగితం మీద అన్నిటికంటె పైన రాయండి.